కోడెదూడల మేతలో ఎంజైములు కలపాలా? ముందు పేడ కడిగి చూడండి

మీ ప్రశ్న ఇదీ. మాంసం కోసం పెంచుతున్న కోడెదూడలు 40 ఉన్నాయి, ఒక్కొక్కటి సగటున 300 కిలోలు. మేతలో సగం ఎండుగడ్డి, మిగతా సగం మొక్కజొన్న ఎక్కువగా ఉన్న దాణా. ఒక ఎంజైమ్ పొడి కలిపితే రోజువారీ బరువు పెరుగుదల 15 శాతం ఎక్కువ వస్తుందని అమ్మడానికి వచ్చినాయన చెప్పారు. అది నిజమేనా, కలపాలా వద్దా, కలిపితే ఏది, ఎలా కలపాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. పీచును విడగొట్టే ఎంజైములు, అంటే జైలనేజ్, సెల్యులేజ్ రకాలు, మీలా ఎండుమేత ఎక్కువ పెట్టేవారికి పనికొచ్చే అవకాశం ఉంది. కానీ 15 శాతాన్ని నమ్ముకుని లెక్కలు వేయకండి. నేనైతే 5 శాతం వస్తే మంచి ఫలితం అనుకుంటాను, అసలేమీ రాకపోవడానికి కూడా సిద్ధపడతాను. సీసా మీద ఏ పేరుందన్నది తర్వాతి సంగతి. దాన్ని మేతకు ఎలా పట్టించారు, ఆ మేతలో అప్పటికే ఏ లోపం ఉంది అన్నవే ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తాయి. మాంసపు పశువుల మేతలు చూస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. ఎంజైమ్ బాగా పనిచేసిన చోట్లూ చూశాను, డబ్బు పేడలో కలిసిపోయిన చోట్లూ చూశాను. రెండింటికీ మధ్య తేడా ఎక్కడుందో వివరంగా రాస్తాను.

ముందు ఒక అపోహ సంగతి. కోళ్లకు ఎంజైమ్ పెడితే ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి పశువులకూ అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కోడి పేగులో పీచును గట్టిగా విడగొట్టే ఏర్పాటు లేదు, కాబట్టి బయటి నుంచి ఇచ్చింది పూర్తిగా కొత్త బలం. నెమరు వేసే పశువు అలా కాదు. దాని పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, బాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు రాత్రింబవళ్లు ఇవే ఎంజైములను తయారు చేస్తుంటాయి. మనం కలిపే మోతాదు ఆ మొత్తం శక్తిలో చిన్న భాగమే. అక్కడ ఇప్పటికే ఉన్నదాన్నే మరికొంచెం పోస్తే ఏం ఒరుగుతుంది? ఈ సందేహం నాకూ చాలాకాలం ఉండేది.

మేలంతా పొట్టలోకి వెళ్లాక జరిగేది కాదు, కొంత తొట్టిలోనే మొదలవుతుంది. ఎంజైమ్ ద్రవాన్ని ఎండుమేత మీద చల్లినప్పుడు అది పీచుకు అంటుకుని, పైపొరను అక్కడక్కడా గీరినట్టు చేస్తుంది, కొంచెం చక్కెరను విడుదల చేస్తుంది. ఆ మేత పొట్టలోకి వెళ్లాక సూక్ష్మజీవులు త్వరగా అతుక్కోవడానికి అది దారి చూపుతుంది. ఎండుగడ్డి కాడ పైన మైనంలాంటి గట్టి పొర ఉంటుంది. సూక్ష్మజీవులకు ఆ పొర దాటి లోపలికి చేరడానికే బోలెడు సమయం పడుతుంది. ఆ మొదటి కొన్ని గంటల ఆలస్యం తగ్గడమే మనకు దక్కే లాభం. పైగా బయటి ఎంజైమ్, సూక్ష్మజీవుల ఎంజైమ్ కలిసి చేసే పని, రెండూ విడివిడిగా చేసే పనుల మొత్తం కన్నా ఎక్కువగా ఉంటుంది. మేతకు అంటుకున్న ఎంజైమ్‌కు ఇంకో రక్షణ కూడా ఉంది. పొట్టలోని ప్రోటీన్‌ను కరిగించే సూక్ష్మజీవులు దాన్ని అంత తేలిగ్గా నాశనం చేయలేవు. ఎంజైమ్ కూడా ప్రోటీనే కదా. ఏ ఆధారమూ లేకుండా పొట్టలో తేలుతుంటే దాని ఆయుష్షు తక్కువ.

అందుకే నేను పదేపదే చెప్పే మాట ఒకటుంది. ఎంజైమ్‌ను పశువుకు కాదు, మేతకు పెట్టాలి. గుప్పెడు పొడి దాణా పైన జల్లేసి పని అయిపోయిందనుకుంటే కుదరదు. పొడి రూపంలోనే దొరికితే చల్లటి నీళ్లలో కరిగించి, స్ప్రేయర్‌తో ఎండుగడ్డి మీద సమంగా పట్టించి, బాగా తిరగేసి, కొన్ని గంటలు ఆగి పెట్టండి. రాత్రి చల్లి ఉదయం పెట్టడం చాలా చోట్ల వీలుగా ఉంటుంది. కాకపోతే మేత తడిసి ముద్ద కాకూడదు, పైపైన చెమ్మ తగిలితే చాలు. మరీ తడిపి కుప్పగా వదిలేస్తే వేడెక్కి బూజు పడుతుంది. అప్పుడు లాభం పోయి ప్రమాదం మిగులుతుంది.

ఎండుమేత అని నొక్కి చెప్పడానికి ఆధారం ఉంది. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ పరిశోధనా కేంద్రంలో 1990ల్లో మాంసపు కోడెల మీద వరుసగా పరీక్షలు చేశారు. 1995లో వచ్చిన ఒక ఫలితాన్ని ఈ రంగంలో అందరూ ప్రస్తావిస్తారు. ఎండు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) మీద తక్కువ నుంచి మధ్యస్థ మోతాదులో పీచు ఎంజైములు పట్టించినప్పుడు కోడెల బరువు పెరుగుదల 24 నుంచి 30 శాతం ఎక్కువైంది. ఎండు తిమోతి గడ్డికి అంతకన్నా పెద్ద మోతాదు కావలసి వచ్చింది. అవే ఎంజైములు బార్లీ సైలేజ్ మీద, అంటే గాలి తగలకుండా పాతరవేసి పులియబెట్టిన బార్లీ పచ్చిమేత మీద, ఏమాత్రం ప్రభావం చూపలేదు. మీకు అమ్మడానికి వచ్చినవాళ్లు ఈ మొదటి సంఖ్యలాంటివే చూపిస్తారు, మూడో విషయం చెప్పరు. నాకు మాత్రం ఆ మూడో విషయమే అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. ఒకే ఎంజైమ్, ఒకే రకం పశువులు. మేత మారితే ఫలితం పూర్తిగా మారిపోయింది.

నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. ఒక ఫారంలో మొదటి ఏడాది ఎండుగడ్డి మీద ఎంజైమ్ వాడి సంతృప్తిగా ఉన్నారు. రెండో ఏడాది ఎండుగడ్డి స్థానంలో సైలేజ్ వచ్చింది. ఎంజైమ్ కొనుగోలు మాత్రం అలవాటుగా సాగిపోయింది. బరువులు చూస్తే కలిపిన గుంపుకూ కలపని గుంపుకూ తేడా లేదు. తడి మేత మీద ఎంజైమ్ సరిగా అతుక్కోదు, అందులోని ఆమ్లాలూ కరిగిన ఇతర పదార్థాలూ దాని పనికి అడ్డొస్తాయి. మీరు ముందు ముందు సైలేజ్‌కు మారితే ఎంజైమ్‌ను దాని మీద కాకుండా, మేతలో ఇంకా ఎండుగడ్డి ఉంటే దాని మీదే పట్టించండి, లేదంటే మానేయండి. సైలేజ్ వేసేటప్పుడు గుంతలోనే కలిపే ఎంజైములు వేరే సంగతి. అవి పీచులోంచి కొంత చక్కెరను తీసి, పులియబెట్టే లాక్టిక్ బాక్టీరియాకు అందిస్తాయి. సైలేజ్ బాగా నిలవడానికి పనికొస్తాయే తప్ప, వాటివల్ల దూడ బరువు పెరుగుతుందని ఆశపెట్టుకోవద్దు.

మోతాదు విషయంలో జాగ్రత్త. ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితం అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఒక మోతాదు దాకా మేలు పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. నాకు తెలిసిన ఒక పెంపకందారు మొదటి నెల ఫలితం చూసి ఉత్సాహంతో రెండో నెల మోతాదు రెట్టింపు చేశారు. వచ్చిన మేలు కాస్తా పోయింది. ఎంజైమ్ మరీ ఎక్కువైతే మేత ఉపరితలాన్ని అదే కప్పేసి సూక్ష్మజీవులు అతుక్కోవడానికి చోటు తగ్గుతుందని పరిశోధకులు చెప్పే వివరణల్లో ఒకటి. సీసా మీది మోతాదుతో మొదలుపెట్టండి. పెంచాలనిపిస్తే కొద్దిగా పెంచి, కొలిచి, అప్పుడు నిర్ణయించండి.

ఇక సీసా మీద రాసే యూనిట్ల గురించి. ఒక కంపెనీ 10,000 యూనిట్లు, ఇంకో కంపెనీ 50,000 యూనిట్లు అని రాస్తే రెండోది ఐదు రెట్లు బలమైనదని అర్థం కాదు. చాలా ఎంజైములు ట్రైకోడెర్మా, ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రాల నుంచి వస్తాయి. వాటి శక్తిని ల్యాబ్‌లో కొలిచేటప్పుడు వాటికి బాగా నప్పే పరిస్థితి పెడతారు, అంటే 50 నుంచి 60 డిగ్రీల వేడి, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 నుంచి 5. పశువు పొట్టలో ఉండేది 39 డిగ్రీలు, పీహెచ్ ఎక్కువగా 6కు అటూ ఇటూ. ల్యాబ్‌లో అంత శక్తి చూపించినది పొట్టలో సగం కూడా చూపించకపోవచ్చు. అందుకే అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏ వేడి దగ్గర, ఏ పీహెచ్ దగ్గర కొలిచారు? నాలాంటి మేత తినే మాంసపు పశువుల మీద పరీక్షించారా? ఈ రెండింటికీ తిన్నగా జవాబు రాకపోతే నేను ముందుకు వెళ్లను. కోళ్ల కోసం తయారైన మిశ్రమాన్నే సంచి మార్చి పశువులకు అమ్మడం కూడా చూశాను. అందులో సగం ఖరీదు ఫైటేజ్‌ది. గింజల్లోని ఫాస్ఫరస్‌ను విడదీసే ఫైటేజ్‌ను రూమెన్ సూక్ష్మజీవులే పుష్కలంగా తయారు చేస్తాయి. ఎదిగిన దూడకు దాన్ని కొని పెట్టడం దండగ.

మీ దాణాలో మొక్కజొన్న ఎక్కువ కాబట్టి ఎమైలేజ్ మాట కూడా వస్తుంది. ఇది పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్. దీని మీద ఆసక్తి బాగా పెరిగింది. అమెరికాలో సింజెంటా సంస్థ ఎనోజెన్ అనే మొక్కజొన్నలో గింజలోనే ఆల్ఫా ఎమైలేజ్ తయారయ్యేలా జన్యుమార్పు చేసింది. మొదట ఇథనాల్ తయారీ కోసం తెచ్చారు, 2011లో అక్కడ సాగుకు అనుమతి వచ్చింది, తర్వాత పశువుల మేతగానూ వాడుతున్నారు. విడిగా ఎమైలేజ్ కలిపినప్పుడు మాత్రం ఫలితాలు నిలకడగా లేవు. కారణం ఊహించగలిగినదే. మొక్కజొన్నను సరిగా నలగ్గొట్టి పెడితే అందులోని పిండిపదార్థంలో 90 శాతానికి పైగా పశువు ఎలాగూ జీర్ణం చేసుకుంటుంది. ఆవిరి పట్టి అటుకుల్లా అణచిన మొక్కజొన్నలో అయితే దాదాపు అంతా జీర్ణమవుతుంది. ఎంజైమ్ వచ్చి కొత్తగా సాధించడానికి మిగిలేది చాలా కొంచెం.

ఇక్కడే పేడ సంగతి వస్తుంది. మీరు ఈ వారంలోనే చేయాల్సిన పని ఇది. ఐదారు దూడల తాజా పేడ తీసుకుని, సన్నని జల్లెడలో వేసి నీళ్లతో కడగండి. మిగిలినదాన్ని తెల్ల గుడ్డ మీద పరిచి చూడండి. మొక్కజొన్న గింజలూ పెద్ద ముక్కలూ కనిపిస్తే మీకు కావలసింది ఎంజైమ్ కాదు, గింజను ఇంకొంచెం సన్నగా ఆడించడం. రవ్వలా ఉంటే చాలు, పిండి చేయవద్దు. గింజ లేకుండా వేలి కణుపంత పొడవున్న గడ్డి పోగులు దండిగా కనిపిస్తే పీచు సరిగా విరగడం లేదని అర్థం. పీచు ఎంజైమ్ గురించి ఆలోచించాల్సింది అప్పుడే. వీలుంటే పేడలో పిండిపదార్థం శాతాన్ని ల్యాబ్‌లో చూపించండి. 5 శాతం దాటితే దాణాలోని గింజ చాలా వృథా అవుతున్నట్టే. పేడ పల్చగా ఉండి, బుడగలు, నురుగు, పులిసిన వాసన ఉంటే మాత్రం ఎంజైమ్ ఆలోచన పక్కన పెట్టండి. పొట్టలో ఆమ్లం పెరుగుతోంది, ఎసిడోసిస్ దారిలో ఉన్నారు. ఆ స్థితిలో ఎమైలేజ్ పోస్తే పిండిపదార్థం ఇంకా వేగంగా పులిసి పరిస్థితి మరింత చెడుతుంది.

పీచు విరగకపోవడానికి చాలా చోట్ల నేను చూసే అసలు కారణం ఎంజైమ్ కొరత కాదు, నత్రజని కొరత. మేత మొత్తం మీద ముడి ప్రోటీన్ 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులు పెరగవు, గడ్డి పొట్టలోనే నిలిచిపోతుంది, దూడ తినడం తగ్గిస్తుంది. పని చేసేవాళ్లకు కూడు లేనప్పుడు చేతికి కొత్త పనిముట్టు ఇచ్చి ప్రయోజనం లేదు. గడ్డి మరీ నాసిరకమైతే ముందు నూనె చెక్క కలపడమో, యూరియాతో గడ్డిని మాగబెట్టడమో చూడండి. మాగబెట్టిన గడ్డికి ఇంకో లాభం కూడా ఉంది. క్షారం తగిలి, గడ్డిని కట్టెలా బిగించే లిగ్నిన్ పట్టు కాస్త సడలుతుంది కాబట్టి, ఆ తర్వాత పట్టించిన ఎంజైమ్ లోపలికి బాగా చేరుతుంది. లిగ్నిన్‌ను జైలనేజ్, సెల్యులేజ్ ఏమీ చేయలేవు. బాగా ముదిరి కట్టెలా అయిన గడ్డి మీద ఎంజైమ్ ఒక్కదాన్నే నమ్ముకుని నిరాశపడినవాళ్లు ఎక్కువ.

దాణా శాతం పెరిగే చివరి దశ గురించి కూడా ఒక మాట. గింజ ఎక్కువ తినే పశువు పొట్టలో పీహెచ్ 6 కన్నా దిగితే పీచును తినే బాక్టీరియా మందగిస్తాయి. శిలీంధ్రాల నుంచి వచ్చిన ఎంజైములకు ఆ పులుపు ఇబ్బంది కాదు. అందుకే కొన్ని సందర్భాల్లో గింజ ఎక్కువున్న మేతలోనూ పీచు ఎంజైములు పనిచేశాయి. లెత్‌బ్రిడ్జ్‌లోనే 1997లో చేసిన ఇంకో పరీక్షలో బార్లీ దాణా మీద జైలనేజ్ ఎక్కువగా ఉన్న ఎంజైమ్ పట్టిస్తే మేత మార్పిడి, అంటే తిన్న మేత బరువుగా మారే తీరు, సుమారు 11 శాతం మెరుగైంది. మొక్కజొన్న దాణాలో ఆ మేలు కనిపించలేదు. బార్లీ గింజకు పొట్టు ఉంటుంది, మొక్కజొన్నకు ఉండదు. ఈ తేడా వల్లే మీ దాణా మీద ఎంజైమ్ చల్లమని నేను అనడం లేదు, గడ్డి మీదే చల్లమంటున్నాను.

దాణాను గుళికలుగా చేయిస్తున్నారా? అయితే అందులో ఎంజైమ్ కలిపించకండి. గుళికల యంత్రంలో వేడి 70 నుంచి 90 డిగ్రీల దాకా పోతుంది, రక్షణ పొర లేని ఎంజైమ్ అక్కడే చచ్చిపోతుంది. నేను ఒకసారి ఈ పొరపాటును మూడు నెలల తర్వాత గానీ పట్టుకోలేకపోయాను. మేత తయారుచేసే మిల్లు వాళ్లు నమ్మకంగా కలిపారు, బిల్లు కూడా సరిగానే ఉంది. గుళికలను పరీక్షకు పంపితే ఎంజైమ్ శక్తి దాదాపు లేదు. గుళికలు చల్లారాక పైన చల్లిస్తే సరిపోయేది. అలాగే ఖనిజ లవణాల మిశ్రమంలో ముందే కలిపి నెలల తరబడి నిల్వ ఉంచకండి. రాగి, జింక్ లవణాల పక్కన చెమ్మ తగిలితే ఎంజైమ్ బలం త్వరగా పడిపోతుంది. ఎండ తగలని చల్లని పొడి చోట పెట్టి, మూత తీసినదాన్ని త్వరగా వాడేయండి.

ఖర్చు లెక్క ఇలా వేయండి. 300 కిలోల దూడ బరువులో 2.5 శాతం లెక్కన, నీటి శాతం తీసేసి, రోజుకు 7.5 కిలోల మేత తింటుందనుకుందాం. రోజుకు కిలో బరువు పెరుగుతోందనుకుందాం. అంటే కిలో బరువుకు 7.5 కిలోల మేత. ఎంజైమ్ వల్ల ఇది 5 శాతం మెరుగైతే, అదే బరువుకు సుమారు 375 గ్రాముల మేత మిగులుతుంది. ఒక దూడకు ఒక రోజుకు అయ్యే ఎంజైమ్ ఖర్చు, చల్లే కూలీ కలిపి ఆ 375 గ్రాముల మేత ఖరీదు కన్నా బాగా తక్కువగా ఉండాలి. సమానంగా ఉంటే వద్దు, ఎందుకంటే 5 శాతం వస్తుందన్న హామీ లేదు. దూడలు అమ్మకానికి నెల మాత్రమే ఉంటే కూడా మొదలుపెట్టవద్దు.

మీ దగ్గర 40 దూడలున్నాయి కాబట్టి నన్ను నమ్మక్కర్లేదు, అమ్మేవాళ్లనూ నమ్మక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు. బరువులు సమానంగా ఉండేలా పదేసి చొప్పున నాలుగు దొడ్లుగా విడదీయండి. రెండు దొడ్లకు ఎంజైమ్ పట్టించిన గడ్డి, రెండింటికి అంతే నీళ్లు చల్లిన మామూలు గడ్డి. నీళ్లు చల్లడం మర్చిపోవద్దు, లేకపోతే చెమ్మ వల్ల రుచి పెరిగి ఎక్కువ తిన్నాయా, ఎంజైమ్ వల్లా అన్నది తెలియదు. రెండు దొడ్లే పెడితే నీడ, నీళ్లు, ఒక పొగరుబోతు గిత్త లాంటి తేడాలన్నీ ఎంజైమ్ ఖాతాలో పడతాయి. అందుకే నాలుగు. మొదటి రెండు వారాలు అలవాటుకు వదిలేయండి. తర్వాత కనీసం 60 రోజులు నడపండి. మొదట్లోనూ చివర్లోనూ వరుసగా రెండు ఉదయాలు, మేత, నీళ్లు పెట్టక ముందు, ఒకే వేళకు తూచి సగటు తీయండి. పొట్టలోని మేత, నీళ్ల వల్లే పది పదిహేను కిలోలు అటూ ఇటూ అవుతుంది. ఒక్కసారి తూచిన బరువుతో 5 శాతం తేడా పట్టుకోవడం కుదరని పని. తొట్టిలో మిగిలిన మేతను కూడా రోజూ తూచి రాయండి. ఎంజైమ్ పెట్టినవి బరువు ఎక్కువ పెరిగినా, అందుకు తగ్గట్టు మేత కూడా ఎక్కువ తిని ఉంటే అది వేరే లాభం, దాని లెక్క వేరేగా వేయాలి.

మాంసంలో మిగిలిపోతుందా అని కూడా అడిగారు. ఎంజైమ్ ప్రోటీన్ కాబట్టి మిగతా ప్రోటీన్లలాగే జీర్ణమైపోతుంది. కోతకు ముందు ఇన్ని రోజులు ఆపాలన్న నియమం దీనికి ఉండదు. జాగ్రత్త పడాల్సింది పశువు గురించి కాదు, కలిపే మనిషి గురించి. పొడి ఎంజైమ్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరికి ఎలర్జీ, ఆస్తమా వస్తాయి. ఒకసారి మొదలైతే చిన్న మోతాదుకే మళ్లీ మళ్లీ వస్తుంది. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడికి అలాగే అయింది, చివరికి అతన్ని దాణా గది పని నుంచి పూర్తిగా తప్పించాల్సి వచ్చింది. పొడిని నీళ్లలో కలిపేవాళ్లకు మంచి మాస్క్, చేతులకు గ్లవ్స్ ఇవ్వండి, గాలికి ఎదురుగా నిలబడనివ్వకండి. ద్రవరూపంలో దొరికితే కాస్త ఖరీదైనా అదే తీసుకోండి. చల్లేటప్పుడు తుంపరలు మొహాన పడకుండా అప్పుడూ మాస్క్ ఉండాల్సిందే.